జార్జ్ పాపనికొలావ్

జార్జ్ పాపనికొలావ్ (మే 13, 1883 - ఫిబ్రవరి 19, 1962) గ్రీసు దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రవేత్త. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును, అది ముదరకముందే గుర్తించే పాప్ స్మియర్ పరీక్షకు ఆద్యుడిగా ప్రసిద్ధుడు. ఆ పరీక్ష పేరులోని పాప్ అనే పొట్టి మాట ఈయన ఇంటిపేరు నుండి వచ్చినదే. అయితే ఆయన మొదట వెతికింది క్యాన్సరు కోసం కాదు. స్త్రీజాతి జంతువులలో అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నంలో ఆయనకు ఈ పద్ధతి దొరికింది. అదే పద్ధతి స్త్రీ హార్మోన్లను కనుగొనడానికి, తద్వారా గర్భనిరోధక మాత్రల ఆవిర్భావానికి కూడా దారి చూపింది. ఈ రెండవ సంగతి మొదటిదానంత ప్రచారంలోకి రాలేదు.

బాల్యం, విద్యాభ్యాసం

పాపనికొలావ్ గ్రీసు తూర్పు తీరాన ఉన్న ఎవియా ద్వీపంలో, సముద్రానికి ఎదురుగా కొండమీద వెలసిన కీమీ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి నికొలావోస్ వైద్యుడు. కీమీ పట్టణానికి మేయరుగా, గ్రీసు పార్లమెంటు సభ్యుడిగా కూడా పనిచేసాడు. తల్లి మరియా సంగీత సాహిత్యాలలో అభిరుచి గల స్త్రీ. తల్లి నుండి వచ్చిన ఆసక్తితో కుమారుడు వయొలిన్ నేర్చుకున్నాడు. ఆ విద్య తరువాతి కాలంలో కొన్నాళ్ళు ఆయనకు అన్నం పెట్టింది.

ఏథెన్సు విశ్వవిద్యాలయంలో తండ్రి కోరిక మేరకు వైద్యం చదివి 1904లో ఉన్నత శ్రేణిలో పట్టభద్రుడయ్యాడు. సైన్యంలో సహాయ శస్త్రవైద్యుడిగా నిర్బంధ సేవ ముగించుకొని 1906లో స్వగ్రామం చేరాడు. తనతోపాటు వైద్యవృత్తిలో స్థిరపడాలని తండ్రి ఆశించాడు. కుమారుడి మనసు మాత్రం పరిశోధన వైపే ఉంది. చివరకు తండ్రిని ఒప్పించి 1907లో జర్మనీ వెళ్ళాడు. అక్కడ జెనాలో ఎర్నెస్ట్ హెకెల్, ఫ్రైబర్గులో ఆగస్ట్ వైజ్‌మన్, మ్యూనిక్‌లో రిచర్డ్ హెర్ట్‌విగ్ వంటి ఆనాటి జీవశాస్త్ర దిగ్గజాల వద్ద చదువుకున్నాడు. డాఫ్నియా అనే అతిచిన్న నీటి ప్రాణిలో లింగనిర్ధారణ ఎలా జరుగుతుందన్న విషయంపై పరిశోధించి 1910లో మ్యూనిక్ నుండి డాక్టరేటు పొందాడు. జీవితాంతం ఆయనను వదలని ప్రశ్న ఇక్కడే మొదలైంది. ఒక జీవి ఆడదా మగదా అన్నది దేనివలన తేలుతుంది అన్నదే ఆ ప్రశ్న.

వివాహం, అమెరికా ప్రయాణం

1910లో స్వదేశానికి తిరిగివచ్చిన పాపనికొలావ్ అదే సంవత్సరం సెప్టెంబరులో ఆండ్రొమాచి మావ్రొయెనీ అనే యువతిని వివాహం చేసుకున్నాడు. ఆమె సైనికోద్యోగుల కుటుంబానికి చెందినది. అందరూ ఆమెను మేరీ అని పిలిచేవారు. కొంతకాలం మొనాకోలోని సముద్ర పరిశోధనా సంస్థలో పనిచేసి, మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ నడిపిన నౌకాయాత్రలో పాల్గొన్నాడు. 1912లో బాల్కన్ యుద్ధం రావడంతో సైనిక వైద్యవిభాగంలో చేరవలసి వచ్చింది. ఆ యుద్ధంలో పోరాడటానికి అమెరికా నుండి స్వచ్ఛందంగా వచ్చిన గ్రీకు యువకుల మాటల వలన ఆయనకు అమెరికాపై ఆశ కలిగింది.

అక్టోబరు 19, 1913న ఈ దంపతులు న్యూయార్కు రేవులో దిగారు. వారి వద్ద ఉన్నవి సుమారు 250 డాలర్లు మాత్రమే. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. మేరీ గింబెల్స్ అనే పెద్ద దుకాణంలో వారానికి 5 డాలర్లకు గుండీలు కుట్టే పనిలో చేరింది. రెండు డాక్టరు పట్టాలున్న భర్త అదే దుకాణంలో తివాచీలు అమ్మడానికి ప్రయత్నించి నిలవలేకపోయాడు. భోజనశాలలలో వయొలిన్ వాయించాడు. గ్రీకు భాషలో వెలువడే అట్లాంటిస్ అనే పత్రికలో గుమాస్తాగా పనిచేసాడు. చివరకు ఆయన జర్మనీలో చేసిన పరిశోధన గురించి తెలిసిన ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గాన్ సిఫారసు వలన న్యూయార్కు ఆసుపత్రి ప్రయోగశాలలో చిన్న ఉద్యోగం దొరికింది. 1914లో కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాల శరీర నిర్మాణ శాస్త్ర విభాగంలోకి మారాడు. విభాగాధిపతి చార్లెస్ స్టాకార్డ్. మేరీ కూడా అదే ప్రయోగశాలలో జీతం లేని సహాయకురాలిగా చేరింది. అప్పటినుండి 1961 వరకు, అంటే 47 సంవత్సరాలు, పాపనికొలావ్ ఆ సంస్థను వదలలేదు.

గినీ పందుల ఋతుచక్రం

స్టాకార్డ్ తన పరిశోధనల కోసం గినీ పందులను పెంచేవాడు. వాటి అండాలలోని లింగనిర్ణాయక క్రోమోజోములను చూడాలని పాపనికొలావ్ సంకల్పం. అందుకు అండం విడుదల కాబోయే సమయంలోనే అండాశయాన్ని బయటకు తీయాలి. కానీ ఆ సమయం ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. స్త్రీలకు నెలనెలా వచ్చే బహిష్టు వంటి బయటి గుర్తు గినీ పందులలో కనిపించదు. అందువలన సరైన ఘడియ కోసం అనేక జంతువులను ఊరకే చంపవలసి వచ్చేది. ఈ వృథా ఆయనకు నచ్చలేదు.

స్త్రీలలో స్రావం కనబడుతున్నప్పుడు ఇతర క్షీరదాలలో కూడా, కంటికి కనబడనంత స్వల్పంగానైనా, ఏదో ఒక స్రావం ఉండి తీరాలని ఆయన ఊహించాడు. ముక్కు లోపల చూడటానికి వైద్యులు వాడే చిన్న పరికరం ఒకటి తెచ్చి దానితో గినీ పందుల యోనిని రోజూ పరీక్షించసాగాడు. స్రావం ఏదీ కనబడలేదు. అయినా వదలక లోపలి తేమను కొద్దిగా తీసి గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూసాడు. అక్కడ రకరకాల కణాలు కుప్పలుగా కనబడ్డాయి. రోజురోజుకూ వాటి ఆకారం, సంఖ్య ఒక క్రమంలో మారుతూ, దాదాపు 16 రోజులకొకసారి అదే వరుస తిరిగి వస్తున్నది. ఏ రకం కణాలు కనబడినప్పుడు అండం విడుదలవుతుందో ఇక జంతువును చంపకుండానే చెప్పవచ్చు. స్టాకార్డ్, పాపనికొలావ్ కలసి 1917లో ఈ విషయాన్ని ప్రకటించారు.

ఒక చిన్న గాజుపలక ద్వారా అండాశయం ఏ స్థితిలో ఉన్నదో తెలుసుకోవచ్చునన్న ఈ ఆవిష్కరణ విలువ జీవశాస్త్రవేత్తలకు వెంటనే అర్థమయింది. కొద్ది సంవత్సరాలలోనే ఇతరులు ఎలుకలలో, చుంచులలో ఇటువంటి చక్రాలను వర్ణించారు.

హార్మోన్ల పరిశోధనకు పునాది

1923లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఎడ్గార్ ఎలెన్, ఎడ్వర్డ్ డోయిజీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పందుల అండాశయాల నుండి తీసిన ద్రవాన్ని, అండాశయాలు తొలగించిన ఎలుకలకు ఎక్కించారు. అండాశయాలు లేని ఎలుకలలో ఋతుచక్రం ఆగిపోతుంది. ఈ ద్రవం ఎక్కించగానే వాటి యోనిలోని కణాలు తిరిగి మారనారంభించాయి. అంటే ఆ ద్రవంలో ఏదో రసాయనం ఉన్నదన్నమాట. అదే తరువాత ఈస్ట్రోజెన్ అని పేరొందిన హార్మోను. ఎంత మోతాదులో ఇస్తే కణాలు మారతాయో చూసి హార్మోను బలాన్ని ఎలుక యూనిట్లలో లెక్కించేవారు. 1929లో డోయిజీ ఈ కుటుంబానికి చెందిన ఈస్ట్రోన్‌ను స్ఫటికాల రూపంలో వేరు చేసాడు. 1934 నాటికి ప్రొజెస్టిరాన్ కూడా శుద్ధరూపంలో లభించింది. ఈ పరిశోధనలో ఎలెన్, డోయిజీల కొలబద్ద పాపనికొలావ్ చూపిన గాజుపలక పరీక్షే.

తరువాతి చరిత్ర వేరే వ్యక్తులది. 1951లో మెక్సికో నగరంలో సింటెక్స్ సంస్థలో నోటిద్వారా తీసుకున్నా పనిచేసే కృత్రిమ ప్రొజెస్టిరాన్ తయారైంది. గ్రెగరీ పింకస్, మిన్ చుయె చాంగ్, జాన్ రాక్ అనేవారు ఇటువంటి హార్మోన్లు అండం విడుదలను ఆపుతాయని జంతువులలోను, స్త్రీలలోను నిరూపించారు. 1960లో అమెరికా ప్రభుత్వం ఎనోవిడ్ అనే మాత్రను గర్భనిరోధకంగా అనుమతించింది. మాత్రల తయారీలో పాపనికొలావ్ ప్రత్యక్షంగా పాల్గొనలేదు.

మానవ స్త్రీలపై అధ్యయనం

1920 ప్రాంతంలో పాపనికొలావ్ తన పద్ధతిని స్త్రీలకు అన్వయించడం ప్రారంభించాడు. మొదట అందుకు సిద్ధపడినది ఆయన భార్య. రెండు దశాబ్దాలపాటు మేరీ శరీరం నుండి తీసిన నమూనాలు ఆయన గాజుపలకల మీదకు చేరుతూనే ఉన్నాయి. పగలు ప్రయోగశాలలో సహాయకురాలు, ఇంటివద్ద గృహిణి, పరిశోధనకు తానే నమూనా. ఈ దంపతులకు సంతానం లేదు. భర్త పనికి అడ్డు రాకూడదని పిల్లలు వద్దనుకున్నానని మేరీ తరువాతి కాలంలో చెప్పింది. వైద్యచరిత్రలో ఆమె పేరు ఎన్నో పుస్తకాలలో ఒక వాక్యంతో సరిపెట్టబడింది. నిజానికి స్త్రీ ఋతుచక్రాన్ని ఏళ్ళ తరబడి అవిచ్ఛిన్నంగా గమనించే అవకాశం ఆమె వలననే కలిగింది.

1925లో న్యూయార్కులోని స్త్రీల ఆసుపత్రిలో అనేకమంది నుండి నమూనాలు సేకరించే వీలు కలిగింది. వారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు ఉన్న స్త్రీల నమూనాలు కూడా ఉన్నాయి. మామూలు కణాల నడుమ వికృతమైన కణాలు ఆయన కంటబడ్డాయి. కేంద్రకం బాగా పెద్దదై, ముదురు రంగుకు తిరిగి, అంచులు ఒంకరటింకరగా ఉన్న ఆ కణాలు క్యాన్సరు కణితి నుండి రాలిపడినవి. శరీరాన్ని కోయకుండా, ముక్క తీయకుండా, రాలిన కణాలను బట్టి రోగాన్ని గుర్తించవచ్చునని ఆయనకు తెలిసింది. తన పరిశోధనా జీవితంలో అంతటి సంతోషం మరెన్నడూ కలగలేదని ఆయన తరువాత చెప్పుకున్నాడు.

1928లో ఎదురైన తిరస్కారం

జనవరి 1928లో మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో జరిగిన ఒక సదస్సులో పాపనికొలావ్ ఈ సంగతిని ప్రకటించాడు. వైద్యులు పట్టించుకోలేదు. అందుకు కారణాలు పలు విధాలు. మొదటిది, ఆ సదస్సు క్యాన్సరు నిపుణులది కాదు, మానవజాతిని మేలురకంగా మార్చాలనే సుజనన వాదులది. అటువంటి వేదికను ఎంచుకోవడం పొరపాటేనని చెప్పాలి. రెండవది, వ్యాసం ముద్రణ అచ్చుతప్పులతో నిండి ఉంది. మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. రోగనిర్ధారణ అంటే కండ ముక్కను కోసి, దాని అమరికను చూసి చెప్పడమేనని ఆనాటి నిపుణుల దృఢవిశ్వాసం. గర్భాశయ ముఖద్వారం చేతికి అందే చోటే ఉండగా, ముక్క తీయడం సులభమై ఉండగా, విడివిడిగా రాలిన కణాలను వెదకడమెందుకని వారి వాదన.

ఈ వాదనలో ఒక లోపం ఉంది. ముక్క తీయాలంటే ముందు అనుమానం రావాలి. అనుమానం వచ్చేది రక్తస్రావమో, దుర్వాసనతో కూడిన స్రావమో కనబడినప్పుడు. అప్పటికి రోగం చాలావరకు ముదిరిపోయి ఉంటుంది. ఏ బాధా లేని స్త్రీలో రోగాన్ని పట్టుకోవడమే ఈ పరీక్ష ప్రయోజనమని ఆనాడు ఎక్కువమందికి తోచలేదు. పాపనికొలావ్ సైతం 1928లో ఆ విషయాన్ని పూర్తిగా నిరూపించలేకపోయాడు.

బాబెష్ సంగతి

రుమేనియా దేశపు వైద్యుడు ఆరెల్ బాబెష్ ఇదే కాలంలో స్వతంత్రంగా ఇటువంటి పద్ధతినే కనుగొన్నాడు. ఆయన 1927లో బుకారెస్టులో దీనిని ప్రకటించి, ఏప్రిల్ 1928లో ఒక ఫ్రెంచి వైద్యపత్రికలో వ్యాసం ప్రచురించాడు. బాబెష్ ప్లాటినం తీగతో నేరుగా ముఖద్వారం నుండి కణాలను తీసి, ఆరబెట్టి, గీమ్సా రంగు వేసేవాడు. పాపనికొలావ్ యోనిలో చేరిన స్రావాన్ని తీసి, తడి ఆరకముందే ఆల్కహాలు, ఈథరు మిశ్రమంలో ముంచేవాడు. ఒకరి పని ఒకరికి తెలిసినట్లు ఆధారం లేదు. క్యాన్సరు గుర్తింపు వరకు చూస్తే బాబెష్ వ్యాసమే ఎక్కువ స్పష్టంగా ఉందని చెప్పేవారున్నారు. ఆయన తరువాత ఆ దారిన ముందుకు సాగలేదు. రుమేనియాలో ఈ పరీక్షను ఇద్దరి పేర్లతోను కలిపి పిలుస్తారు. ఇది న్యాయంగానే ఉంది.

ట్రౌట్‌తో కలసి చేసిన కృషి

తిరస్కారం తరువాత పది సంవత్సరాలకు పైగా పాపనికొలావ్ హార్మోన్ల అధ్యయనానికే పరిమితమయ్యాడు. స్త్రీల ఋతుచక్రంలో కణాల మార్పులపై 1933లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ముట్లుడిగిన స్త్రీలకు అండాశయ హార్మోను ఇచ్చినప్పుడు కలిగే మార్పులను ఎఫ్రాయిమ్ షోర్‌తో కలసి పరిశీలించాడు. ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉన్నప్పుడు పైపొరలోని పక్వమైన కణాలు, ప్రొజెస్టిరాన్ ప్రభావంలో మధ్యపొర కణాలు, రెండూ లేనప్పుడు లోపలి చిన్న కణాలు ఎక్కువగా కనబడతాయి.

1939లో శరీర నిర్మాణ విభాగానికి జోసెఫ్ హిన్సీ అధిపతిగా వచ్చాడు. ఆయన ప్రోత్సాహంతో పాపనికొలావ్ తిరిగి క్యాన్సరు వైపు మళ్ళాడు. న్యూయార్కు ఆసుపత్రి స్త్రీవ్యాధుల నిపుణుడు హెర్బర్ట్ ట్రౌట్ తోడయ్యాడు. ఆ విభాగంలో చేరే ప్రతి స్త్రీకి, జబ్బు ఏదైనా సరే, ఈ పరీక్ష చేయాలని నిర్ణయించారు. అందరికీ చేయడం వలన ఎవరూ ఊహించని ఫలితం వచ్చింది. పైకి ఆరోగ్యంగా ఉన్న ముఖద్వారంలో కూడా క్యాన్సరు ఆరంభదశలు బయటపడ్డాయి. 1941లో వీరి వ్యాసం, 1943లో గ్రంథం ప్రచురితమయ్యాయి. గ్రంథానికి మూడువేల మందికి పైగా స్త్రీల పరీక్షలు ఆధారం. జపానులో జన్మించిన చిత్రకారుడు హషిమే మురయామా సూక్ష్మదర్శినిలో కనబడే కణాలను రంగులలో చిత్రించాడు. 1928 వ్యాసంలో లేని స్పష్టత ఈ చిత్రాలతో వచ్చింది.

1942లో పాపనికొలావ్ కొత్త రంజన విధానాన్ని ప్రకటించాడు. ఇందులో కేంద్రకం నీలిరంగులోను, పక్వమైన కణాలు గులాబి రంగులోను, ఇతర కణాలు నీలం కలిసిన ఆకుపచ్చ రంగులోను కనబడతాయి. ఈ రంజన విధానం ఇప్పటికీ ప్రయోగశాలలలో ఆయన పేరుతోనే వాడుకలో ఉంది. ఫలితాలను ఒకటి నుండి ఐదు వరకు తరగతులుగా విభజించే పద్ధతి కూడా ఆయనదే. 1988లో బెథెస్డా పద్ధతి వచ్చాక ఈ తరగతులు క్రమేణా వాడుకనుండి తొలగిపోయాయి.

వ్యాప్తి

1947లో కెనడా వైద్యుడు ఎర్నెస్ట్ ఎయిర్ చెక్కతో చేసిన చిన్న గరిటె వంటి పుల్లను ప్రవేశపెట్టాడు. దానితో ముఖద్వారాన్నే గీకి కణాలను తీయడం వలన పరీక్ష మరింత నమ్మదగినదైంది. అమెరికా క్యాన్సరు సంఘం ప్రచారం చేపట్టింది. 1949లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జనసామాన్యానికి పరీక్షలు మొదలయ్యాయి. గాజుపలకలు చూసి చెప్పగల శిక్షితులు కావలసి వచ్చారు. కార్నెల్‌లో పాపనికొలావ్ నడిపిన శిక్షణకు అనేక దేశాల నుండి వైద్యులు వచ్చేవారు. 1954లో ఆయన వెలువరించిన కణచిత్రాల గ్రంథం వారికి పాఠ్యపుస్తకమైంది.

క్రమబద్ధంగా పరీక్షలు జరిగిన దేశాలలో ఈ క్యాన్సరు మరణాల రేటు సగానికి పైగా తగ్గింది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన క్యాన్సరు పరీక్షలు అరుదు.

గర్భనిరోధక మాత్రలు, ముఖద్వార ఆరోగ్యం

1960 తరువాత పాపనికొలావ్ పరిశోధనలోని రెండు పాయలు వైద్యుని గదిలో మళ్ళీ కలిసాయి. అమెరికాలో మాత్రల చీటీ కోసం వచ్చే యువతులకు పాప్ పరీక్ష కూడా చేయడం ఆనవాయితీ అయింది. మాత్రలకు ముందు ఆ పరీక్ష తప్పనిసరి కాదని తరువాతి మార్గదర్శకాలు స్పష్టం చేసాయి. కానీ మాత్రల వలన ముఖద్వార క్యాన్సరు వస్తుందా అన్న ప్రశ్న దశాబ్దాలపాటు నిలిచిపోయింది.

ఈ క్యాన్సరుకు మూలకారణం మానవ పాపిల్లోమా వైరస్ అని 1980లలో జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హాసెన్ చూపాడు. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్ రకాలలో 16, 18 అనేవి సుమారు 70 శాతం క్యాన్సర్లకు కారణం. కాబట్టి మాత్రలే క్యాన్సరును పుట్టిస్తాయనడం సరికాదు. అయితే వైరస్ సోకి, అది శరీరంలో నిలిచిపోయిన స్త్రీలలో, ఏళ్ళతరబడి హార్మోను మాత్రల వాడకం ముప్పును కొంత పెంచుతుంది. 2005లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ ఈ మేరకు నిర్ణయించింది. 2007లో 24 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో, ఐదేళ్ళు లేదా అంతకుమించి వాడుతూ ఉన్నవారిలో ముప్పు దాదాపు రెట్టింపని, మానివేసాక తగ్గుతూ పదేళ్ళకు మామూలు స్థాయికి చేరుతుందని తేలింది.

రెట్టింపు అన్న మాట వినగానే భయం కలుగుతుంది. అదే విశ్లేషణ ప్రకారం, వర్ధమాన దేశాలలో 20 నుండి 30 ఏళ్ళ వయసు వరకు పదేళ్ళపాటు మాత్రలు వాడితే, 50 ఏళ్ళు వచ్చేలోపు ఈ క్యాన్సరు బారిన పడేవారు వేయిమందిలో 7.3 నుండి 8.3కు పెరుగుతారు. అంటే వేయిమందిలో ఒకరు అదనం. మరొకవైపు ఇవే మాత్రలు అండాశయ క్యాన్సరును, గర్భాశయ లోపలిపొర క్యాన్సరును తగ్గిస్తాయి. అందువలన నిపుణులు మాత్రలు మానమని చెప్పరు, పరీక్షలు మానవద్దని చెబుతారు. మాత్రలు వైరస్ సోకకుండా కాపాడలేవు. మన దేశంలో మాలా-డి, మాలా-ఎన్ పేర్లతో తెలిసిన మాత్రలు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్లు రెండూ కలిసిన రకానికి చెందినవి.

మరొక విషయం కూడా ఇక్కడ తెలుసుకోదగినది. మాత్రలు వాడే స్త్రీలలో, గర్భిణులలో ఈస్ట్రోజెన్ ప్రభావం వలన ముఖద్వారం లోపలి మెత్తని పొర బయటకు తిరిగి ఎర్రగా కనబడుతుంది. దీనివలన తెల్లబట్ట కొంత ఎక్కువ కావచ్చు. ఇది క్యాన్సరు కాదు, క్యాన్సరుకు ముందుదశా కాదు. మన ప్రాంతాలలో దీనినే గర్భసంచి మూతికి పుండు అని చెప్పడం, క్యాన్సరవుతుందన్న భయంతో చిన్నవయసులోనే గర్భసంచి తీయించుకోవడం కద్దు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశం మొత్తంమీద 3.2 శాతం కాగా, ఆంధ్ర ప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఈ ఆపరేషన్లన్నిటికీ కారణం ఒకటే కాదు. కానీ మూతి ఎర్రబడినది జబ్బా కాదా అని తేల్చడానికి ఒక పుల్ల, ఒక గాజుపలక తోడ్పడతాయి.

భారతదేశంలో

భారతదేశంలో 2022 అంచనాల ప్రకారం సంవత్సరానికి సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సరు కొత్తగా వస్తుండగా, సుమారు 80 వేల మంది మరణిస్తున్నారు. పాప్ పరీక్ష చేయాలంటే గాజుపలకలు చదవగలిగిన శిక్షితులు, మంచి ప్రయోగశాలలు, ఫలితం తెలియజేసి మళ్ళీ పిలిపించే ఏర్పాటు కావాలి. పల్లెలలో ఇవి కొరవడినందున, ముఖద్వారానికి పలుచని వెనిగరు ద్రావణం పూసి తెల్లబడిన చోట్లను కంటితో చూసే పద్ధతిని 2016 నాటి ప్రభుత్వ మార్గదర్శకాలు 30-65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకొకసారి సూచించాయి. ముంబై మురికివాడలలో ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేయగా మరణాలు 31 శాతం తగ్గినట్లు 2014లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా అధ్యయనం (2009) మాత్రం ఒక్కసారి చేసే వైరస్ పరీక్ష వలన మరణాలు దాదాపు సగం తగ్గాయని, ఒక్కసారి చేసిన పాప్ పరీక్ష వలన గానీ వెనిగరు పరీక్ష వలన గానీ చెప్పుకోదగ్గ తగ్గుదల లేదని చూపింది. పాప్ పరీక్షను క్రమం తప్పకుండా కొన్నేళ్ళకొకసారి చేస్తూ పోతేనే దాని పూర్తిఫలం దక్కుతుంది.

వైరస్‌కు టీకా 2006లో వచ్చింది. 2009లో అప్పటి ఆంధ్ర ప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక ప్రదర్శనాత్మక కార్యక్రమం కింద 10-14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి టీకాలు వేసారు. కొందరు బాలికలు మరణించడంతో 2010లో కార్యక్రమం నిలిపివేయబడింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం అభిప్రాయపడినా, తల్లిదండ్రుల అనుమతికి బదులు వసతిగృహాల వార్డెన్ల సంతకాలు తీసుకోవడం వంటి లోపాలు బయటపడ్డాయి. వీటిపై పార్లమెంటరీ సంఘం 2013లో తీవ్రంగా విమర్శించింది. దేశీయంగా తయారైన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది.

చివరి రోజులు

పాపనికొలావ్ సెలవులు తీసుకోకుండా పనిచేసే మనిషిగా పేరుపడ్డాడు. 1950లో లాస్కర్ పురస్కారం లభించింది. నోబెల్ బహుమతికి పలుమార్లు ప్రతిపాదించబడినా రాలేదు. 1961 చివరిలో, 78 ఏళ్ళ వయసులో, మయామీలో క్యాన్సరు పరిశోధనా సంస్థకు అధిపతిగా వెళ్ళాడు. మూడు నెలలకే ఫిబ్రవరి 19, 1962న గుండెపోటుతో మరణించాడు. ఆ సంస్థకు తరువాత ఆయన పేరు పెట్టారు. మేరీ 1982 వరకు జీవించింది.

1978లో అమెరికా తపాలాశాఖ ఆయన స్మారకంగా 13 సెంట్ల బిళ్ళ విడుదల చేసింది. గ్రీసు 1995లో ముద్రించిన పదివేల డ్రాక్మాల నోటుపై ఆయన చిత్రం ఉండేది. 2002లో యూరో నోట్లు రావడంతో ఆ నోటు చెలామణి ఆగిపోయింది.